క్రూజ్ టికెట్ కొన్నాక, ఓడ ఎక్కేముందు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో ఈ మధ్య క్రూజ్ ప్యాకేజీల ప్రకటనలు బాగా కనిపిస్తున్నాయి. సింగపూర్, మలేసియా టూరులో కలిపి రెండు మూడు రాత్రులు ఓడలో అని కొన్ని, ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ అని కొన్ని, చెన్నై నుంచి శ్రీలంక అని ఇంకొన్ని. మా హన్మకొండలో, అటు కరీంనగర్, మంచిర్యాల వైపు కూడా రిటైరైన ఉద్యోగులు నలుగురైదుగురు దంపతులు కలిసి బుక్ చేసుకుంటున్నారు, బయటి దేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల పెళ్లిరోజుకు టికెట్లు తీసి పంపుతున్నారు. చాలా మంచి సంగతి. కానీ వెళ్లొచ్చినవాళ్లను ఎట్లుందని అడిగితే కొందరు "ఏముంది, తిన్నం, పన్నం, వచ్చినం" అంటున్నారు, ఇంకొందరైతే వాంతులు, బిల్లులు, ఫోను బిల్లు, ఇవే చెబుతున్నారు. అంత డబ్బు పెట్టి, జీవితంలో ఒకసారి సముద్రం మధ్యకు వెళ్లి, ఇట్లా తిరిగి రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ప్రకటనలో ధర ఉంటుంది, నీలం రంగు ఫొటో ఉంటుంది, ఓడలో ఎట్లా ఉండాలో మాత్రం ఉండదు. రిటైరైన టీచర్ని, ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను వెంటేసుకుని ఓడ ప్రయాణాలు చేసినదాన్ని. తెలిసినవి రాస్తున్నాను, కాస్త పొడుగైనా వేయగలరని ఆశ.

ముందు భయం గురించి మాట్లాడాలి. మా దగ్గర ఓడ మాట ఎత్తగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగినప్పుడు అందులో కాజీపేట పక్కనున్న మా కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆ దుఃఖం దగ్గరగా చూసినవాళ్లకు "ఏం కాదు రండి" అంటే సరిపోదు, వివరం చెప్పాలి. సముద్రం మీద దేశాల మధ్య తిరిగే ప్రయాణికుల ఓడలన్నీ సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద నడుస్తాయి. 1912లో టైటానిక్ మునిగాక 1914లో మొదటిసారి రాసుకున్నారు దాన్ని, తర్వాత ఎన్నోసార్లు మార్చారు. ఓడలో ఉన్న ప్రతి మనిషికీ లైఫ్ బోట్లలోనో రాఫ్టుల్లోనో చోటు ఉండి తీరాలి, ప్రయాణికులకు రక్షణ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే అభ్యాసం, చేయించి తీరాలి.

ఈ డ్రిల్ దగ్గరే మనవాళ్లు చేయకూడని పని చేస్తారు. ఓడ ఎక్కిన ఉత్సాహంలో పై డెక్ (అంతస్తు) మీద ఫొటోలు దిగుతూ డ్రిల్‌కు వెళ్లరు, వెళ్లినా మాట్లాడుకుంటూ నిలబడతారు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే ఓడ బండరాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికి డ్రిల్ జరగలేదు, అప్పటి నియమం ప్రకారం 24 గంటల్లోపు చేస్తే చాలు. ఆ ప్రమాదం తర్వాతే ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే డ్రిల్ అయిపోవాలని నియమం మార్చారు. కాబట్టి గది తాళంగా ఇచ్చే కార్డు మీద రాసి ఉన్న మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదంలో మీరు చేరాల్సిన చోటు, ఎక్కడుందో కాళ్లతో నడిచి చూడండి, లిఫ్టులో కాదు, మెట్ల మీదుగా. ప్రమాదంలో లిఫ్టులు వాడకూడదు. ఏడు చిన్న కూతలు, ఆ తర్వాత ఒక పొడుగు కూత వినిపిస్తే అందరూ అక్కడికి చేరాలని అర్థం, ఇది పిల్లలకు ఆటలాగా నేర్పించవచ్చు, త్వరగా పట్టేస్తారు. లైఫ్ జాకెట్లు కొన్ని ఓడల్లో క్యాబిన్ బీరువాలో ఉంటాయి, కొన్నింట్లో స్టేషన్ దగ్గరే ఇస్తారు, పిల్లల సైజు కావాలంటే క్యాబిన్ సిబ్బందిని మొదటి రోజే అడగాలి. ఇదంతా కలిపి అరగంట పని. మా అత్తమ్మకు ఆ అరగంట అయ్యాకే భయం పోయింది, తర్వాత మమ్మల్ని వదిలేసి ఆమే రెయిలింగ్ దగ్గర కూర్చుంది.

ఇక బుకింగ్. ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక మనిషికి, అదీ ఒక గదిలో ఇద్దరు ఉంటేనే. పోర్టు చార్జీలు, పన్నులు, సిబ్బందికి ఇచ్చే సర్వీస్ చార్జీ దాని మీద పడతాయి. విదేశీ ఓడల్లో చాలావాటిలో ఈ సర్వీస్ చార్జీ మనిషికి రోజుకు ఇన్ని డాలర్లని, 15 నుంచి 20 వరకూ, మీ ఖాతాలో దానంతట అదే చేరిపోతుంది, చివరి రోజు బిల్లు చూసి గొడవ పడేది చాలావరకు దీని గురించే. మాకు టికెట్లు ఇచ్చిన ఏజెంటు కూడా ఈ ముక్క చెప్పలేదు, నేనే అడిగి రాబట్టాను. అందుకే ఏజెంటును ఒక్కటే ప్రశ్న అడగండి: ఇంటి నుంచి బయల్దేరి ఇంటికి చేరేదాకా ఇంకా ఏమేం కట్టాలి? జవాబు కాగితం మీద తీసుకోండి.

గది విషయంలో అందరూ బాల్కనీ ఉందా అని అడుగుతారు. డబ్బుంటే తీసుకోండి, తప్పు లేదు. కానీ అంతకన్నా ముందు గది ఎక్కడుందో చూడాలి. ఓడ ఊగడం ముందు కొసనా వెనుక కొసనా ఎక్కువ, పై అంతస్తుల్లో ఎక్కువ, మధ్యలో కింది డెక్కుల్లో తక్కువ. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు మధ్య భాగంలో లిఫ్టుకు దగ్గరగా ఉన్న గది అడగాలి. డెక్ ప్లాన్ అని బొమ్మ ఉంటుంది, అందులో మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పైన కూడా గదులే ఉంటే ప్రశాంతం, పైన స్విమ్మింగ్ పూలో బఫే హాలో ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు జరిపిన చప్పుడుకు లేస్తారు. కిటికీ లేని లోపలి గది చవక, పగలు కూడా చీకటిగా ఉంటుంది, నిద్రకు మాత్రం దాన్ని మించింది లేదు. ఎట్లాగూ పగలంతా బయటే ఉంటాం అనుకునేవాళ్లకు అదే చాలు. నలుగురికి ఒకే గది అంటే పై ఇద్దరికి గోడలోంచో కప్పులోంచో దించే బెర్తులు ఉంటాయి, పెద్దవాళ్లతో వాటిని ఎక్కించలేం, బుక్ చేసేటప్పుడే ఆలోచించుకోవాలి.

కాలం కూడా చూసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రం మాంచి అలజడిగా ఉంటుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్లు లేస్తాయి. ఇప్పుడు మన దేశంలో తిరిగే కార్డీలియా అనే కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ వానాకాలంలో ముంబై వదిలి తూర్పు తీరానికి వచ్చేది ఇందుకే. 1990లో కట్టిన ఓడ అది, 11 డెక్కులు, 2021 నుంచి మన దగ్గర నడుస్తోంది, 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి కూడా నడిచింది. 2023లో విశాఖ పోర్టులో క్రూజ్ టెర్మినల్ కూడా కట్టి తెరిచారు. అంటే వరంగల్‌లో రైలెక్కితే విశాఖలో దిగి ఓడ ఎక్కడం మనకు మామూలైపోయే రోజు మరీ దూరంలో లేదు.

రైలు అన్నాను కాబట్టి ఒక ముఖ్యమైన మాట. ఓడ ఎక్కే రోజు పొద్దున దిగేట్టు రైలు టికెట్ తీయకండి. చెన్నైకి మనకు గ్రాండ్ ట్రంక్, తమిళనాడు, చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లున్నాయి, ముంబైకి కోణార్క్ ఉంది, విశాఖకు గోదావరి, వందే భారత్ ఉన్నాయి, అన్నీ మంచివే, కానీ రైలు మూడు గంటలు లేటైతే ఓడ ఆగదు. చెక్-ఇన్ గేటు ఓడ కదలడానికి గంటన్నర, రెండు గంటల ముందే మూసేస్తారు. ముందురోజే చేరి ఒక రాత్రి ఆ ఊళ్లో పడుకోండి. ఆ లాడ్జి ఖర్చుతో టెన్షన్ మొత్తం పోతుంది, మరుసటి రోజు వీలైనంత ముందు వరుసలో ఎక్కవచ్చు, అందరూ వచ్చేలోపు ఓడంతా తిరిగి చూసుకోవచ్చు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ముంబై, గోవా లాంటి దేశంలోపలి ప్రయాణానికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు, లక్షద్వీప్‌కు మాత్రం ప్రవేశ అనుమతి కూడా కావాలి. శ్రీలంక, సింగపూర్ వైపు అయితే కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, దిగే ప్రతి దేశానికి కావాల్సిన అనుమతి ఉండాలి. సింగపూర్‌లో ఎక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగేవాళ్లు ఆ దేశంలోకి రెండుసార్లు వస్తున్నట్టు లెక్క, వీసాలో ఎన్ని ప్రవేశాలు రాసి ఉందో చూసుకోవాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు సిబ్బంది తీసుకుని దాచుతారు, కంగారు పడకండి, అది మామూలే, ముందే ఫొటో తీసి జిరాక్స్ దగ్గర ఉంచుకుంటే చాలు.

సామాను టెర్మినల్‌లో చీటీ కట్టి తీసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. అందుకే మందులు, కాగితాలు, చార్జరు, ఒక జత బట్టలు, పిల్లల ఈత బట్టలు చేతి సంచిలో ఉంచాలి. బీపీ, షుగర్ మందులు ప్రయాణం రోజులకంటే కనీసం వారం ఎక్కువ తీసుకెళ్లండి, డాక్టరు చీటీతో సహా. ఇన్సులిన్ ఉంటే ముందే చెబితే ఫ్రిజ్ ఏర్పాటు చేస్తారు. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు మాత్రం మన ఆస్పత్రులతో పోల్చలేనంత ఎక్కువ, ప్రయాణ బీమా లేకుండా పెద్దవాళ్లను విదేశీ ఓడ ఎక్కించకండి.

తీసుకెళ్లకూడనివి కూడా ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె, కెటిల్, ఎలక్ట్రిక్ కుక్కర్, కొవ్వొత్తులు, అగరొత్తులు అస్సలు వద్దు. నడి సముద్రంలో ఓడకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నిప్పు, అందుకే అంత కచ్చితం. గదిలో దీపం పెట్టుకోవడం కుదరదు, పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పాలి, అక్కడ చెబితే మనసు నొచ్చుకుంటారు. ఇంట్లో చేసిన సకినాలు, సర్వపిండి, పులిహోర చాలా ఓడల్లో గేటు దగ్గరే ఆపేస్తారు. కొన్ని కంపెనీలు సీలు తీయని ప్యాకెట్లను ఒప్పుకుంటాయి, కొన్ని బయటి తిండి ఏదీ ఒప్పుకోవు. కంపెనీ నియమం చదివి, ఒప్పుకుంటే దుకాణంలో కొన్న పచ్చడి ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి, చప్పటి తిండి మధ్య అవి ఎంత ఆదుకుంటాయో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

తప్పక తీసుకెళ్లాల్సినవి చిన్నచిన్నవే. గది గోడలు చాలా ఓడల్లో ఇనుపవి, అయస్కాంతం హుక్కులు నాలుగు తీసుకెళ్తే టోపీలు, సంచులు, తడి తువ్వాళ్లు వేలాడదీసుకోవచ్చు. బట్టలు బాల్కనీ రెయిలింగ్ మీద ఆరేయకూడదు, గాలికి సముద్రంలో పడిపోతాయి, నియమం కూడా ఒప్పుకోదు, బాత్రూములో సన్నని తాడు ఉంటుంది దాని మీద వేయాలి. విదేశీ ఓడల బాత్రూముల్లో చాలావరకు జెట్ స్ప్రే ఉండదు, మగ్గు ఉండదు, ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా పెట్టుకోండి. అడగడానికి సిగ్గుపడే విషయం కాబట్టే రాస్తున్నాను. లోపల ఏసీ బాగా చల్లగా ఉంటుంది, మన ఎండలు చూసి పలుచటి బట్టలే సర్దుకుంటారు, శాలువా, స్వెట్టరు ఉండాలి. డెక్ మీద గాలికి చీర నిలవదు, తడికి కాలు జారుతుంది, పట్టున్న చెప్పులు, చుడీదార్ మేలు. పూల్‌లో దిగాలంటే ఈత బట్టలే వేసుకోవాలి, మామూలు కాటన్ బట్టలతో దిగనివ్వరు. ఆడవాళ్లకు చేతులు, కాళ్లు పూర్తిగా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు వరంగల్‌లో కూడా దొరుకుతున్నాయి, అవి వేసుకుని నిశ్చింతగా దిగవచ్చు.

వాంతుల గురించి. చెవి లోపలి భాగం ఊగుతున్నామని చెబుతుంటే కళ్లు కదలని గోడను చూపిస్తుంటాయి, ఆ రెండూ కుదరక కడుపులో తిప్పుతుంది. కాబట్టి తిప్పుతోందని గదిలోకి వెళ్లి కళ్లు మూయకుండా ఫోను చూస్తూ పడుకుంటే ఇంకా పెరుగుతుంది. బయటికి వచ్చి, మధ్య భాగంలో నిలబడి, ఆకాశం, నీళ్లు కలిసే గీత మీద చూపు పెట్టాలి. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు, బిస్కెట్టో ఆపిల్ ముక్కో అల్లం ముక్కో నములుతూ ఉండాలి. ఘాట్ రోడ్డు బస్సుకు మనవాళ్లు వేసుకునే అవోమిన్ లాంటి మాత్రలే దీనికీ పనిచేస్తాయి, కానీ వాంతులు మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ, ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. నిద్ర వస్తుంది, గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు పడకపోవచ్చు, కాబట్టి ఇంటి దగ్గర డాక్టరును అడిగి తెచ్చుకోండి. పెద్ద ఓడలకు కింద రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, ఊపు చాలా తగ్గిస్తాయి, సముద్రం బాగున్న రోజున ఓడ కదులుతోందో లేదో కూడా తెలియదు.

కడుపుకు ఇంకో ముప్పు చేతుల నుంచి వస్తుంది. ఓడల్లో నోరోవైరస్ అనే వాంతి, విరేచనాల వ్యాధి అప్పుడప్పుడు పాకుతుంటుంది, దాని మీద శానిటైజర్ అంత బాగా పనిచేయదు, సబ్బూ నీళ్లే కావాలి. బఫే ముందు, బఫే గరిటెలు పట్టుకున్నాక కూడా. మొహమాటం లేకుండా పిల్లలతో కడిగించండి.

ఓడ తీరం వదలగానే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, మరిచిపోవద్దు. ఓడల్లో ఉపగ్రహం ద్వారా నడిచే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, మీ ఫోను దానికి తగులుకుని వెనకాల వాట్సాప్ ఫొటోలు దింపుకుంటూ కూర్చుంటే మీరు ముట్టుకోకపోయినా వేలల్లో బిల్లు వస్తుంది. మామూలు దేశాల రోమింగ్ ప్యాక్ దీనికి పనిచేయదు. కావాలంటే ఓడ వైఫై ముందే కొనుక్కోండి, ముందు కొంటే సాధారణంగా చవక. నన్నడిగితే ఇంట్లోవాళ్లకు రోజుకు ఒక్క మెసేజ్ పెట్టేంత ఏర్పాటు ఉంటే చాలు. డబ్బు నోట్లు ఓడలో పెద్దగా నడవవు, గది తాళంగా ఇచ్చే కార్డే అన్నిటికీ గీకుతారు, అది పిల్లల చేతిలో ఉంటే చల్లటి డ్రింకులు, ఆటల మెషిన్లు అన్నీ దాని మీదకే ఎక్కుతాయి. ప్రతి రాత్రి టీవీలోనో కౌంటర్లోనో మీ ఖాతా చూసుకోండి, తప్పు పడితే అప్పుడే సరిచేస్తారు. ఫొటోగ్రాఫర్లు నవ్వుతూ ఫొటోలు తీస్తారు, తీయించుకున్నంత మాత్రాన కొనాలని లేదు. క్యాసినో వైపు అసలు వెళ్లకండి. సరదాకు అని మొదలుపెట్టి ప్రయాణం ఖర్చుకు సమానంగా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

తిండి విషయంలో టికెట్ బుక్ చేసేటప్పుడే శాకాహారమో, జైనమో, భారతీయ భోజనమో రాయించాలి, అక్కడ ఎక్కాక అడిగితే దొరికింది పెడతారు. తూర్పు ఆసియా ఓడల్లో శాకాహారం అని రాసి ఉన్నా చేపల సాస్, గుడ్డు కలిసే అవకాశం ఉంది, అడిగి తినండి, అడిగితే వాళ్లేమీ అనుకోరు. పెరుగు టిఫిన్ల దగ్గర ఉంటుంది, చక్కెర కలపనిది కావాలని చెప్పాలి. ఓడ ఎక్కిన మధ్యాహ్నం అందరూ పై బఫే మీద పడతారు, అదే సమయంలో చాలా ఓడల్లో కింది డైనింగ్ హాలు కూడా తెరిచి, దాదాపు ఖాళీగా ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు. ఎంత తిన్నా డబ్బులు లేవు కదా అని ప్లేటు నింపి వదిలేయడం చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. కొంచెం కొంచెం పెట్టుకుని ఎన్నిసార్లు లేచినా ఎవరూ వద్దనరు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న మాటకొస్తాను. మనవాళ్లకు తీర్థయాత్ర బస్సు అలవాటు. నాలుగింటికి లేవాలి, అన్ని పాయింట్లూ చూడాలి, ఒక్కటి వదిలినా డబ్బు వృథా అనుకోవాలి. ఆ అలవాటు ఓడలోకి తీసుకెళ్తే ఓడ అంటే ఏంటో తెలియకుండానే దిగిపోతారు. రాత్రి గదిలోకి మరుసటి రోజు కార్యక్రమాల కాగితం వస్తుంది, లేదా యాప్‌లో ఉంటుంది, అందులో పొద్దున యోగా నుంచి అర్ధరాత్రి డ్యాన్సు దాకా ముప్ఫై నలభై అంశాలుంటాయి. కుటుంబమంతా కూర్చుని రెండే రెండు ఎంచుకోండి, సీటు రిజర్వేషన్ అవసరమైన పెద్ద షో ఉంటే అది ఒకటి, పిల్లలకు నచ్చింది ఒకటి. మిగతా రోజంతా ఖాళీగా వదిలేయండి. ఏ తీరానికీ ఆగకుండా ఓడ నీళ్ల మీదే ఉండే రోజును చాలామంది బోరు అంటారు. నాకైతే ప్రయాణం మొత్తంలో ఆ రోజే ఎక్కువ విలువైనది. మనం సముద్రానికి చాలా దూరంగా పెరిగినవాళ్లం. లక్నవరం, పాకాల, రామప్ప చెరువుల గట్ల మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తుంది. నాలుగు దిక్కులా ఒడ్డు లేకపోవడం ఎట్లా ఉంటుందో చూడ్డానికే కదా అంత దూరం వెళ్లింది. దాని కోసం రోజుకు కనీసం రెండు గంటలు కుర్చీ వేసుకుని కూర్చోవాలి, సెల్ఫీ దిగి లోపలికి పరుగెత్తకూడదు.

ఎక్కడ కూర్చోవాలో కూడా చెబుతాను. ముంబై నుంచి గోవా వైపు దక్షిణానికి వెళ్తుంటే సూర్యాస్తమయం ఓడ కుడి పక్క, ఎడమ పక్క తీరం. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. విశాఖ నుంచి చెన్నై, పుదుచ్చేరి వైపు దిగుతుంటే సూర్యోదయం ఎడమ పక్క వస్తుంది. బాల్కనీ గది తీసుకునేవాళ్లు ఈ లెక్క చూసుకునే పక్క ఎంచుకుంటే ఇంకా మంచిది, లోపలి గదివాళ్లు ఆ పక్క డెక్ మీదకు వెళ్తే సరిపోతుంది. తెల్లవారుజామున డెక్ మీద మనుషులే ఉండరు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మాత్రం నిలబడలేరు, అప్పుడు నిద్రపోండి, లేదంటే లైబ్రరీ లాంటి చోట కూర్చోండి. పూల్, జారుడుబండలు ఖాళీగా కావాలంటే ఓడ ఏదైనా రేవులో ఆగి అందరూ ఊళ్లోకి వెళ్లిన రోజు ఓడలోనే ఉండిపోండి, పిల్లలకు పండగే. కానీ అన్ని ఓడల్లో లైఫ్‌గార్డులు ఉండరు, పెద్దవాళ్లు ఒకరు కళ్లు తిప్పకుండా పక్కనే ఉండాలి. బాల్కనీ రెయిలింగ్ దగ్గర కుర్చీ వేసి పిల్లలను ఎక్కించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

రైలు గోదావరి దాటుతుంటే చిల్లర వేసి దండం పెట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. సముద్రం చూడగానే పెద్దవాళ్ల చేయి పసుపు కుంకుమల పొట్లం మీదకు పోతుంది. ఓడ మీద నుంచి ఏదీ విసరకూడదు, పూలు, కొబ్బరికాయ కూడా. సముద్రంలో చెత్త వేయకూడదని మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, ఓడలో ఆ నియమం చాలా గట్టిగా అమలు చేస్తారు. చేతులు జోడించి దండం పెట్టుకుంటే గంగమ్మకు చేరుతుందని మా అత్తమ్మకు చెప్పాను, ఒప్పుకుంది.

ఊళ్లు చూడ్డానికి దిగినప్పుడు వాచీ ఓడ టైములో ఉండాలి. ఫోను ఆ దేశపు టైముకు మారిపోతుంది, ఓడ టైము వేరుగా ఉండొచ్చు, సింగపూర్ నుంచి థాయిలాండ్ వైపు వెళ్తే గంట తేడా. తిరిగి ఎక్కాల్సిన సమయం దాటితే ఓడ వెళ్లిపోతుంది, ఆ తర్వాత తరువాతి రేవుకు సొంత ఖర్చుతో వెళ్లి పట్టుకోవాల్సిందే. ఆఖరి గంట షాపింగ్ వదిలేయండి. లక్షద్వీప్ లాంటి చోట్ల పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా ఆగితే చిన్న పడవల్లోకి దిగి వెళ్లాలి, అలలుంటే ఆ దిగడం రద్దు చేస్తారు. నిరాశగా ఉంటుంది, నిజమే, కానీ కెప్టెన్ వద్దన్నాడంటే గొడవ పెట్టకండి, రేవు మార్చే హక్కు ఆయనకు ఉందని మనం సంతకం పెట్టిన టికెట్టులోనే రాసి ఉంటుంది. మోకాళ్లు సరిగా లేనివాళ్లు చిన్న పడవలోకి అడుగు వేయగలరో లేదో ముందే ఆలోచించుకోవాలి.

ఓడల్లో పనిచేసేవాళ్లలో మన దేశం వాళ్లు చాలామంది, గోవా, కేరళ, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు. నెలల తరబడి ఇంటి ముఖం చూడకుండా, ఒక్క వారాంతపు సెలవు లేకుండా పనిచేస్తారు. వాళ్లను చిటికేసి పిలవడం, "ఏయ్ బాబూ" అనడం మానుకోవాలి. పేరు చొక్కా మీద ఉంటుంది, పేరు పెట్టి పిలవండి, మొదటి రోజే రెండు మాటలు మాట్లాడండి. మా తోటికోడలుకు చపాతీలు మెత్తగా కావాలంటే వంటింట్లోంచి విడిగా చేయించి తెచ్చిన అబ్బాయి ఉన్నాడు, వాళ్ల అమ్మ గురించి అడిగినందుకు ఎంత సంతోషపడ్డాడో.

చివరి రాత్రి పెద్ద సామాను చీటీ కట్టి గది బయట పెట్టమంటారు. అన్నీ సర్దేసి మరుసటి రోజు వేసుకునే బట్టలు కూడా అందులోనే పెట్టేసి నైటీలతో నిలబడినవాళ్లున్నారు, కాబట్టి ఒక జత, మందులు, పాస్‌పోర్టు బయట ఉంచుకోండి. దిగే రోజు మధ్యాహ్నం లోపు రైలో విమానమో పెట్టుకోకండి, ఇమిగ్రేషన్ వరుస ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

సంపాదకులకు రెండు విన్నపాలు. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో క్రూజ్ భారత్ మిషన్ మొదలుపెట్టింది, 2029 నాటికి ఓడ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేస్తామంటోంది, అంటే మన జిల్లాల నుంచి వెళ్లేవాళ్లు ఇంకా పెరుగుతారు. వేసవి సెలవుల ముందు మీ ప్రయాణాల పేజీలో ఈ సమాచారం ఏడాదికి ఒకసారైనా వేయండి, నిపుణులతో మాట్లాడి నాకన్నా బాగా రాయించండి. రెండోది, క్రూజ్ ప్రకటన తీసుకునేటప్పుడు పోర్టు చార్జీలు, పన్నులు, సర్వీస్ చార్జీ కలిపి ఒక మనిషికి మొత్తం ఎంతవుతుందో అదే సైజు అక్షరాల్లో వేయమని ఏజెంట్లను అడగండి, వేయకపోతే ప్రకటన తీసుకోకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హన్మకొండ